ద్వాళి తెరిపించిన దక్షిణపు కిటికీలు

నా తెలివితక్కువతనం గురించి ఇంకొకరు చెబితే పరువు పోతుంది, నేనే చెప్పుకుంటే కాస్తయినా మిగులుతుంది. అందుకే ద్వాళి గురించి చెప్పే ముందు నా గురించి చెప్పేస్తాను.

తొంభై మూడులో సూర్యాపేటలో నేను స్కూలు యూనిఫారాలు కుట్టించే షాపు నడుపుతున్నాను. ఒకటే పొడవాటి గది. ఆరు మిషన్లు, ఆరుగురు ఆడపిల్లలు, మూలన ఇస్త్రీ బల్ల. కరెంటును నమ్ముకుంటే జూన్‌లో ఇవ్వాల్సిన బట్టలు దసరాకు అందుతాయి కాబట్టి మావి బొగ్గుల ఇస్త్రీ పెట్టెలు. వాటికి నిప్పులు అందించే కుంపటి బల్ల పక్కనే పొద్దస్తమానం రాజుతూ ఉండేది.

ఆ ఏడు మే నెలాఖరులో కోదాడ నుంచి ఒక వాస్తు సిద్ధాంతి వచ్చాడు. ఊళ్లో సగం మంది ఆయన మాట విని మెట్లు పగలగొట్టి గేట్లు మార్చుకుంటున్నారు. నలుగురితో నారాయణా అని నేనూ పిలిపించాను. "దక్షిణాన రెండు కిటికీలేంటమ్మా? లక్ష్మి ఎట్టా నిలుస్తుందనుకున్నారు?" అన్నాడాయన. ఉన్నవే ఆ రెండు. ఇటుకలతో పూడ్పించి, లోపల సున్నం వేయించి, పైన దేవుడి క్యాలెండరు తగిలించి మురిసిపోయాను.

పాత ఇస్త్రీ తాత కంటిచూపు తగ్గి మానేశాడు. అదే వారం ద్వాళి పనిలో చేరింది. తుంగతుర్తి దగ్గరి తండా మనిషి. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. అంతకుముందు మిర్యాలగూడలో రైసు మిల్లు పని. "పిల్లలను గీడ బడిల ఏసిన అక్కా. నా పని నిలబడితెనే ఆళ్ల సదువు నిలబడతది" అని మొదటి రోజే చెప్పింది. పని మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆమె చెయ్యి పడితే ముడతలన్నీ చెప్పిన మాట వినేవి.

జూన్‌లో వానలు పట్టాయి. జల్లు కొట్టి బట్టలు తడుస్తాయని తలుపు కూడా వేసుకుని పని చేసేవాళ్లం. వారం తిరక్కుండా, నా దగ్గర అందరికంటే పాత మనిషి యాదమ్మ తల పట్టుకుని కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరికీ అదే వరస. మధ్యాహ్నమయ్యేసరికి తలపోటు, కడుపులో తిప్పడం, కళ్లు తిరగడం. దవాఖానలో నీరసమని బలం గోళీలిచ్చారు. నేను దిష్టి తీయించాను, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టాను. అయినా ఒక పిల్ల మిషను మీదే సొమ్మసిల్లింది.

"అక్కా, ద్వాళి వచ్చినప్పటి సంది గిట్లయితుంది. ఆమె అడుగు మంచిగ లేదు" అంది యాదమ్మ.

నాకూ నిజమే అనిపించింది. తప్పు ఇంకొకరి మీదికి నెట్టేస్తే ప్రాణానికి ఎంత హాయి! ద్వాళిని పిలిచి, "నీ అడుగు మాకు కలిసిరాలేదు, రేపటి నుంచి రాకు" అన్నాను.

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది. గోడకు బయటివైపు నేను సున్నం వేయించలేదు. పూడ్చిన చోట్ల ఇటుకలు ఎర్రగా కనిపిస్తున్నాయి.

"గివి కిటికీలేనా అక్కా?"

"అవును. నువ్వు వచ్చిన వారమే మూయించాను."

"నీళ్లకొచ్చి ఇయ్యాలనే సూసిన. మిల్లుల మా అన్న లింగ్యా, ఇంకొకాయన సలికి కుంపటి లోపల పెట్టుకొని, తలుపేసుకొని పండుకున్నరు. పొద్దుగాల తలుపు పలగ్గొట్టి గుంజితె మా అన్న ఒక్కడే బతికిండు. పొగ లేదు, వాసన లేదు. గది మూస్తె బొగ్గు గాలి మనిషిని తింటదక్కా."

"మరి నీకేం కాలేదే?"

"నాకూ తలపోటే. చెప్తె పని పోతదని చెప్పలే. పెట్టెల బూడిద ఊదనీకి బయటికొస్త గద, జర తేలికయితది. ఐతారం ఇంటికాడ ఎవలికన్న తల నొస్తదేమో అడుగు."

అడిగాను. ఆదివారం ఒక్కరికీ నొప్పి లేదు.

"మూడు దినాలు కుంపటి, బల్ల వసారల పెట్టుకోనియ్యి. తలుపు తీసి ఉంచు. అప్పటికీ తలలు నొస్తె నువ్వు చెప్పక ముందే పోత" అంది ద్వాళి.

వసారాలో టార్పాలిన్ కట్టుకుని, జల్లుకు వీపు అడ్డం పెట్టి మూడు రోజులు ఇస్త్రీ చేసింది. మొదటి రోజు యాదమ్మ అన్నం తిని మళ్లీ కుట్టుకు కూర్చుంది. రెండో రోజు పిల్లలు ముచ్చట్లు మొదలుపెట్టారు. మూడో రోజు వాళ్ల నవ్వులకు, అరుపులకు నాకే తలనొప్పి వచ్చింది. ఆ నొప్పి నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. ద్వాళి ముఖం చూడాలంటే మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

కిటికీలు తెరిస్తే లక్ష్మి పోతుందని పక్కింటావిడ భయపెట్టింది. "పోయేదైతే తలుపులోంచే పోయేది వదినా, కిటికీ ఎక్కే ఖర్మ ఆమెకెందుకు?" అన్నాను. గడ్డపారతో మొదటి దెబ్బ ద్వాళే వేసింది. యాదమ్మ తల వంచుకుని ఇటుకలు మోసింది. కుంపటి మళ్లీ లోపలికి రాలేదు.

సోమవారం పొద్దున షాపు తాళంచెవి ద్వాళి చేతిలో పెట్టాను. "అడుగు మంచిది కాదని నోరు జారాను. నాది తప్పు. ఇక రోజూ ఈ గదిలో మొదటి అడుగు నీదే."

ఆమె నవ్వింది. "అడుగుదేమున్నదక్కా, ముందుగాల కిటికీలు తెర్వాలె" అంటూ లోపలికి నడిచింది.

ఆరేళ్లయింది. తాళంచెవి ఇంకా ఆమె కొంగుకే ఉంది. మొన్న పెద్ద కూతురు పదో తరగతి పాసైందని ద్వాళి షాపులో అందరికీ బెల్లం పంచింది. మొదటి ముక్క యాదమ్మ నోట్లో పెట్టింది.