కాసు మీది రాణి

ముప్పై ఏళ్లకు పైగా ఒక బరువు మోస్తున్నాను. నువ్వెవరో నాకు తెలీదు. చదివి ఎవరికి చేరవేస్తావోనని ఇప్పటికీ అనుమానమే. అయినా చెబుతాను.

యాంగోన్‌లో జనం వీధుల్లోకి వచ్చి, సైన్యం కాల్పులు జరిపిన వానాకాలం అది. లత అనే పేటలో మా నగల కొట్టు తలుపు ఒక రెక్కే తీసేవాణ్ణి. వచ్చిన ప్రతివాడూ వేగులవాడిలాగే కనిపించేవాడు.

తాకేటా పేట నుంచి అప్పలనర్సమ్మ వచ్చింది. మెడలోని కాసుకు కొక్కెం విరిగింది, అతికించమంది. ఇంత గొడవలో కొక్కెం కోసం వస్తారా? ఎవరు పంపారు? కాసు చేతిలోకి తీసుకున్నాక అనుమానం పోయి ఆశ పట్టుకుంది. రోము నాటి బంగారం. ఒకవైపు కొప్పు పెట్టుకున్న ఆడమనిషి ముఖం, పసుపు రుద్దీ రుద్దీ ముక్కు అరిగిపోయింది. వెనక దివిటీ పట్టుకున్న దేవత. అలాంటిదే ఒకటి మా నాన్న కొన్నప్పుడు, దాని మీది బొమ్మల కథను ఒక పుస్తకంలో చూపించి చెప్పాడు.

"అమ్మేస్తావా అప్పా?"

"లచ్చిందేవిని అమ్ముతారేటి బాబూ? మా అత్తిచ్చింది. మావ ఇంటికి రాక మూడు రోజులైంది. దీనికే మొక్కుతన్నాను."

ఆమె భర్త బోటాటౌంగ్ రేవు కూలీ. ఊరేగింపులోకి వెళ్లాడు.

అప్పుడన్నాను: "ఇది లచ్చిందేవి కాదప్పా. చచ్చిపోయిన రాణి. పోయాకే ఈ బొమ్మ ఏసారు. ఇన్నాళ్లూ పీనుక్కి మొక్కినావు."

ఆమె చెయ్యి వెనక్కి పోయింది. "నిజవేనా?"

"అబద్దమాడితే నాకేటొస్తది?"

"అయితే నువ్వే ఉంచీ. ఇంటికి పట్టుకెళ్లను."

తూకానికి డబ్బిచ్చాను. అరిగిన ముక్కుకు తరుగు కూడా తీశాను, ఏం మనిషినో చూడు.

అబద్ధమాడానా? లేదు. అదే నా తెలివి. నిజాన్ని సగానికి కోసి అమ్మాను. ఆ రాణి పోతే ఆమె మొగుడు గుడి కట్టించి, దేవతను చేసి ఊరంతా కొలిచేలా చేశాడు. ఆ సగం నాలుక కింద దాచుకున్నాను.

అప్పలనర్సమ్మ భర్త తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. కొన్ని నెలలకు ఆమె కొట్టు గుమ్మంలో నిలబడి ఒకటే అడిగింది: "ఆ కాసు ముందే ఇచ్చీసుంటే మావ వొచ్చేవోడా బాబూ?"

నేను త్రాసు తుడుస్తూ కూర్చున్నాను. దానికీ దీనికీ సంబంధం లేదని ఒక్క మాట చాలు. అలా అంటే కాసు తిరిగి ఇమ్మంటుందేమోనని భయం. అప్పటికే దాన్ని ఒక ఓడ మనిషికి అమ్మేశాను.

తన పూజే మొగుణ్ణి మింగిందని ఆమె పోయేదాకా చెప్పుకునేదట. దీపం పెట్టడం మానేసిందట.

ఇప్పుడిది రాయడంలోనూ ఏదైనా బేరముందా అని నన్ను నేనే సోదా చేసుకున్నాను. నువ్వు పర్లేదు అంటావని ఆశా? అనకు. నమ్మను.

ఆమె పూజలో ఏ తప్పూ లేదు. ఆమెకు చెప్పాల్సిన మాట నీకు చెబుతున్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది.