సర్దిన పక్క

రిటైరైన తర్వాత మేమిద్దరం సింగపూర్ వెళ్లి, అక్కడి నుంచి ఓడలో నాలుగు రోజులు తిరిగాం. చూసిన ఊళ్ల కంటే మా గది చూసుకున్న మంజునాథ నాకు ఎక్కువ గుర్తున్నాడు. బళ్లారి మనిషి, నలభై దాటినవాడు, మన మాటే మాట్లాడేవాడు.

మా పామిడిలో పొద్దెక్కినా పక్క పరిచి ఉంటే ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందనుకుంటారు. అందుకని ఓడలోనూ మొదటి రోజు మా ఆవిడ సుభద్ర లేవగానే దుప్పట్లు మడిచి, తువ్వాళ్లు ఉతికి ఆరేసింది. మంజునాథ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అంతా మీరే చేసుకుంటే ఎట్లమ్మా? ఈ నెలతో నా కాంట్రాక్టు అయిపోతాండాది. పని లేనోడిని మళ్లా తీసుకుంటారా?"

నేను జేబులోంచి నోటు తీసి ఇవ్వబోయాను. అతను చేయి చాపలేదు.

"పని చేయనీకుండా దుడ్లిస్తే అది దానం సార్. నాకొద్దు."

"పక్క ఎత్తకుండా బయటికి ఎట్ల పోయేదప్పా? సిగ్గు కాదా?" అంది సుభద్ర.

"ఎత్తితే ఈడ సిగ్గు నాకమ్మా."

ఆ మాట నాకు నచ్చింది. అప్పటి నుంచి మొహమాటపడకుండా ఉడుకునీళ్లు అడిగాను, ఇంకో దిండు అడిగాను. అడిగిన ప్రతిసారీ హుషారుగా తెచ్చాడు.

దిగే రోజు పొద్దున సుభద్ర అలవాటుకొద్దీ దుప్పటి మడిచింది. వెంటనే నాలుక కరుచుకుని, విప్పి మంచం మీద పరిచింది. మంజునాథ ఈసారి నేనిచ్చిన డబ్బు కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మంచం వైపు చూశాడు.

"ఒక్క ముడత ల్యాకుండా చెదరగొట్టినారే అమ్మా," అన్నాడు. "పోనీలే, నేనే ఇంగొకసారి చెదరగొట్టి సర్దుకుంటా."