తలకిందుల హీబ్రూ పంతులు

మా తాత జానకీరామయ్యకి హీబ్రూ వచ్చు. బరంపురం తెలుగువాళ్లలో ఆ భాష ఇంకెవరికీ రాదు కాబట్టి ఆయన తప్పు చదివినా పట్టుకునేవాడు లేడు. నేను మూడో ఫారం దాటలేదు గానీ, ఆయన చదువు సంగతంతా మా మామ్మ అచ్చమ్మ నోట విన్నాను.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజులవి. బరంపురంలోనే గోసాని నువాగాం పేటలో కాపురం, మిషను బడిలో సంస్కృతం పంతులు ఉద్యోగం. అక్కడి పాదిరీ హీబ్రూ కీర్తనల్ని తెలుగులోకి మారుస్తూ, భాష దిద్దిపెట్టమన్నాడు. మూలం తెలియకుండా దిద్దనని తాత భీష్మించుకుని, హీబ్రూ చెప్పించుకోవడం మొదలెట్టాడు. చిక్కల్లా పాదిరీ దగ్గరున్న హీబ్రూ కీర్తనల పుస్తకం అట్ట తోలుది.

"తోలు ముట్టుకున్న సేత్తో నా వంటింటి గడప తొక్కండి, సెప్తాను!" అంది మామ్మ.

"ముట్టుకోనే, సూస్తానంతే."

అందుకని పాదిరీ పుస్తకం తన ముందు పెట్టుకునేవాడు. తాత బల్లకి ఇవతల కూర్చుని, వేదం సంత చెప్పుకున్నట్టు చెయ్యి ఎత్తుతూ దించుతూ వల్లించేవాడు. అక్షరాలూ అక్కణ్ణించే నేర్చుకున్నాడు. హీబ్రూ కుడి నుంచి ఎడమకి నడుస్తుందట. తాతకి మాత్రం తెలుగులాగే నడిచింది. ఏళ్ల తరబడి ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఇంతలో బడి మూతపడబోతోందన్నారు. కుర్ర పాదిరీలకి హీబ్రూ చెప్పే ఉద్యోగం ఒకటి ఉంది. అది రాకపోతే చికిటి వెళ్లి, పురోహితుడైన బావమరిది రామమూర్తి వెనక సంచీ మొయ్యాలి. ఆ రామమూర్తిని తాత ప్రతి పెళ్లిలోనూ 'సగం మంత్రం మింగేస్తాడు' అని వెక్కిరించేవాడు.

"సంచీ కొత్తది కుట్టించేను బావా, బుజం ఒరుసుకోదు" అని రామమూర్తి కబురంపాడు.

పరీక్ష చెయ్యడానికి మద్రాసు నుంచి ఓ ముసలిదొర వచ్చాడు. సరిగ్గా ఆ రోజే మా ముత్తాత తద్దినం. మామ్మ, ఆచమనం చేసే వెండి ఉద్ధరిణె తాత చేతికిచ్చింది.

"కాగితం తిప్పాలంటే దీంతో తిప్పండి. వెండికి మైల అంటదు."

దొర మర్యాదస్తుడు. పుస్తకాన్ని తాతవైపు తిప్పి చదవమన్నాడు. తాతకి ఒక్క అక్షరమూ తెలిసిన మొహంలా కనబడలేదు. చికిటి సంచీ బుజమ్మీదికి వచ్చేసినట్టే అయింది.

"ఏటండీ ఇది, అక్షరాలన్నీ శీర్షాసనమేసేయి?" అన్నాడు.

ముట్టుకుంటే తద్దినం చెడుతుంది. ఉద్ధరిణెతో పొడిచి పొడిచి పుస్తకాన్ని గుండ్రంగా తిప్పి, దొరవైపు పెట్టాడు. అప్పుడు అక్షరాలు చుట్టాల్లా పలకరించాయి. ఉద్ధరిణె కొనతో ఒక్కో మాటా చూపిస్తూ గడగడా చదివేశాడు.

దొర తెల్లబోయాడు. "యూదులు కూడా గుడిలో గ్రంథాన్ని ముట్టరు. వెండి పుల్లతో చూపిస్తూ చదువుతారు. ఈయనకి ఈ ఆచారం ఎవరు నేర్పారు?"

"ఈయన భార్య" అన్నాడు పాదిరీ.

దొర కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు. "శిష్యులు ఎలాగూ ఎదురుగానే కూర్చుంటారు. పుస్తకం వాళ్లవైపు తిరిగుంటే చాలు" అని ఉద్యోగం ఇచ్చేశాడు.

కబురు చెప్పడానికి పరిగెత్తుకొచ్చిన తాతని మామ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఉద్ధరిణె అట్టకి తగిలిందా?"

"తగిల్తే ఏటి? వెండికి మైల అంటదన్నావు కదే!"

"వెండికంటదు. మీకంటుంది. నూతి దగ్గరికెళ్లండి."

తద్దినం పెట్టించడానికొచ్చిన రామమూర్తే చేదతో తోడి తాత నెత్తిన నీళ్లు పోశాడు. "మరి సంచీ ఏటి సెయ్యను బావా?"

"ఇలా తే. ఉద్ధరిణె పెట్టుకెళ్లడానికి పనికొస్తాది."