ఆరేళ్ల ఖాళీ

భార్య విదేశపు ఆసుపత్రికి పెట్టుకుంటున్న దరఖాస్తు కోసం, భర్తగారు కంప్యూటర్ ముందు కూర్చుని, ఆమె బతుకంతా రెండు పేజీల్లో కొట్టేశాడు. "చూడు, ఎంత నీటుగా వచ్చిందో" అని కుర్చీ పక్కకి జరిపాడు. ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి చదివింది. నర్సింగు చదువు, పెద్దాసుపత్రి ఐసీయూలో చేసిన ఉద్యోగం, మెచ్చుకుంటూ ఇచ్చిన సర్టిఫికెట్లు, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత ఆరేళ్లకీ కలిపి ఒకే ఒక్క మాట ఉంది: గృహిణి.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేంటి?"

"మరేం రాయమంటావు? అప్పుడు ఉద్యోగం లేదుగా."

లేదట. అది ఎలా పోయిందో ఈ మహానుభావుడికి ఇంకొకరు గుర్తుచేయాలి కాబోలు. అత్తగారు పక్షవాతంతో మంచాన పడితే, అన్నదమ్ములిద్దరూ ఇదే ముందుగదిలో కాళ్లు జాపుకుని కూర్చుని, ఇంట్లోనే నర్సుండగా బయటివాళ్లెందుకని తేల్చేశారు. ఆమెని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. రాజీనామా కాగితం కూడా ఈయనగారే టైపు చేశాడు, ఇంతే నీటుగా. ఆ రోజునుంచీ గొట్టంలోంచి తిండి పెట్టడం, గంట గంటకీ పక్కకి తిప్పడం, గుడ్డలు మార్చడం, మూలిగితే లేవడం, అంతా ఆమే. కొడుకులిద్దరూ ఆ మంచం దగ్గర ఎప్పుడూ కూర్చోలేదంటే అన్యాయం, ఫోటోలు దిగడానికి కూర్చున్నారు. బంధువులొచ్చి "కొడుకంటే నువ్వేరా, తల్లిని పువ్వుల్లో పెట్టి చూసుకున్నావు" అంటే, ఈయన కాదనకుండా తలొంచుకుని వినేవాడు. పెద్దావిడ పోయి ఏడాది దాటింది.

"అది తీసేసి నేను చెప్పింది కొట్టండి" అంది. "పక్షవాతం రోగి. ఒక్కతే నర్సు. మూడు షిఫ్టులూ ఆ నర్సే. సెలవుల్లేవు. రోగి ఒంటిమీద ఒక్క పుండు పడలేదు."

"ఇంట్లో చేసింది సర్వీసు కిందకి రాదే."

"వస్తుందో రాదో వాళ్లు చెప్తారు. మీరు కొట్టండి."

ముఖం మాడ్చుకుని కొట్టాడు.

ఇక మిగిలింది సాక్షి. ఆ దేశపు ఆసుపత్రివాళ్ల పద్ధతి అది. ఎక్కడ పనిచేసినా, ఆ పనిని కళ్లారా చూసిన మనిషి పేరు ఇవ్వాలి, వాళ్లు ఫోన్ చేసి కనుక్కుంటారు. గడువు ఆ సాయంత్రమే. ఆమె బావగారికి ఫోన్ చేసింది. ఆయన డాక్టరు, సొంత క్లినిక్కుంది, తల్లికి మందులు రాసిందీ ఆయనే.

సంగతి విని ఆయన సర్దిచెప్పబోయాడు. "అమ్మకి చేసినదాన్ని ఉద్యోగం అంటారా తల్లీ? కోడలి చేత చాకిరీ చేయించామని పరాయివాళ్లకి నా నోటితో ఎలా చెప్పను? ఓ పని చేద్దాం. ఆరేళ్లూ నా క్లినిక్కులో చేశావని లెటర్ ఇస్తా. వాళ్లు ఫోన్ చేసినా అదే చెప్తా. ఇక ఉద్యోగం వచ్చినట్టే."

పక్కనే వింటున్న భర్త ముఖం వెలిగిపోయింది. అబద్ధమైతే సంతకం, స్టాంపు అన్నీ సిద్ధం, నిజమనేసరికి ఇంటి పరువు అడ్డొచ్చింది.

"మీ క్లినిక్కు గుమ్మం నేనెప్పుడైనా తొక్కానా బావగారూ? మీ అమ్మగారి గది దాటి వస్తేగా."

"అవన్నీ ఎవరు చూస్తారమ్మా."

"అవునండీ, ఎవరూ చూడలేదు" అని ఫోను పెట్టేసింది.

"ఎందుకంత పంతం?" అన్నాడు భర్త. "అన్నయ్య ఇస్తానంటున్నాడుగా. ఇది పోతే ఈ వయసులో నీకు ఇంకెవరిస్తారు?"

అది ఆమెకీ తెలుసు. మళ్లీ యూనిఫాం వేసుకోవాలని ఏడాదిగా ఆమె పడ్డ తపనంతా ఈ ఒక్క దరఖాస్తు మీదే ఉంది.

"లేవండి."

లేచాడు. ఆమె కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "నా పనిని చూసిన మనిషి ఒక్కరే, మా అత్తగారు. ఆవిడ చనిపోయారు. ఆవిడకి ఇద్దరు కొడుకులు. వాళ్లు చూడలేదు."

అతను వెనకనుంచి చదివాడు. "ఇలా పంపితే మా పరువేం కావాలి?"

"పోనీ, చూశానని మీరు చెప్తారా? మీ పేరే రాస్తాను."

ఆమె ఆగింది, అతనేమైనా అంటాడేమోనని నిజంగానే ఆగింది. తర్వాత పంపేసింది.