హాలీ రూపాయి మీద గీత

దయ్యాల మాటెత్తితే చాలు, ఎదుటివాళ్ళను ఉడికించి గాని వదిలేవాణ్ణి కాదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ నా దగ్గరున్న ఒక హాలీ రూపాయి, అంటే నిజాం సర్కారు నాణెం, సంగతి అడిగితే మాత్రం ఆ మాట అంత ధీమాగా అనలేను.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులవి. అమీర్‌పేటలో మట్టిగోడల ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళం, మా అమ్మా నేనూ. నడుము కింద చచ్చుబడి అమ్మ మంచం పట్టింది. నాకేమో పాత నాణేల పిచ్చి.

నాణేలు కొట్టే ఉక్కు అచ్చుకు పగులొస్తే, నాణెం మీద వెంట్రుకంత ఉబ్బుగీత పడుతుంది. అచ్చు వాడేకొద్దీ పగులు సాగుతుంది గనుక, తరువాత కొట్టిన నాణేల మీద గీత ఇంకా పొడుగ్గా ఉంటుంది. కొట్టేసిన నాణెం మీద మాత్రం అది ఇక పెరగదు. నా రూపాయి మీద గీత అంచు నుంచి, నడుమనున్న చార్మినార్ బొమ్మలో ఎడమ మినారు దాకా వచ్చి ఆగింది. కొన్ననాడే, అలవాటు ప్రకారం, లక్క కరిగించి ముద్ర తీసి పెట్టుకున్నాను.

ఆ ఏడు ముసురు వదల్లేదు. మా గదిలో తలుపుకు ఎడమపక్క గోడ సన్నగా పగిలింది. అమ్మ మంచాన్ని కుడిపక్కకు జరిపాను. ఒక మధ్యాహ్నం జల్లు కొడుతోందని తలుపేసి, భూతద్దం పట్టుకు కూర్చున్నాను. రూపాయి మీద గీత కమాను పైనుంచి కుడి మినారు అడుగు దాకా పోయి ఉంది!

నాణెం మారిందనుకున్నాను. లక్క ముద్ర తెచ్చి పోల్చాను. అంచున అదే నొక్కు, అవే గాట్లు. ముద్రలో గీత ఒక్కటే పొట్టిది.

తలెత్తి చూస్తే గోడ పగులు తలుపు మీదికి పాకింది. తలుపు లాగాను. పైదూలం కుంగి బిగుసుకుపోయింది. కిటికీకి ఇనుప చువ్వలు. ఎంత అరిచినా వాన హోరులో ఎవరికి వినిపిస్తుంది? నా పైప్రాణాలు పైనే పోయాయి.

పగులు లేని కుడిపక్కే ఉండమని బుద్ధి చెబుతోంది. రూపాయి మీది కమానును మా తలుపనుకుంటే మాత్రం, గీత చివర సరిగ్గా అమ్మ మంచం ఉన్నచోటే. మంచాన్ని ఎడమకు గుంజాను.

“పగిలిన గోడ కిందికే గుంజవడ్తివేంది కొడుకా? దిమాగ్ ఖరాబైందా?” అని అమ్మ తిట్టిపోసింది.

ఆ తిట్లు ముగియకముందే కుడిపక్క గోడ కూలింది. మంచం ఉన్నచోట మట్టికుప్ప పడింది. కూలిన గోడ సందులోంచే పక్కింటి యాదగిరి వచ్చి, అమ్మను చేతుల మీద బయటికి తెచ్చాడు.

“యేసయ్య కాపాడిండు,” అంది అమ్మ.

“నీ దగ్గర ఒక్కతీరు సిక్కాలు రెండు కలిసిపోయినట్టున్నయ్ భాయ్, ఫికర్ చెయ్యకు,” అన్నాడు సంగతంతా విన్న, యూసుఫ్‌గూడలో ఉండే నాణేల మిత్రుడు. అదే నిజమైతే ఎంత బాగుండును!

ఇప్పుడు పంజాగుట్టలో రాతిగోడల ఇంట్లో ఉంటున్నాం. ఆనాడు జరిగిందేమిటో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. రూపాయి పెట్టెలోనే ఉంది. గీత ఎక్కడిదాకా వచ్చిందో చూసే ధైర్యం లేదు. చూడకుండా అమ్మను నిద్రపుచ్చే ధైర్యమూ లేదు.