రెండు చుక్కల పిడి

మా పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుందంటారు తెలిసినవాళ్ళు. వాళ్ళకి తెలిసింది తక్కువ. ముక్కు మీది కోపం వచ్చినంత తేలిగ్గానే పోతుంది. ఆరేళ్ళ కిందట మా అమ్మ కాలు కాలిన రోజు పిన్నికి వచ్చిన కోపం ఇప్పటికీ ఆమెను వదల్లేదు. పొద్దున్నే లేచి మొహం కడుక్కున్నంత మామూలుగా ఆమె దాన్ని వెంటేసుకుని తిరుగుతుంది.

పిన్ని అంటే అమ్మకు సొంత చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. వంటసామాన్లు అమ్మే ఒక పెద్ద షాపులో పదకొండేళ్ళు పని చేసింది. షాపు ముందు భాగంలో ఒక పొయ్యి, వెనక గోడంతా గిన్నెలు. వచ్చినవాళ్ళ ముందు గుడ్డు వేయించి, ఉల్లిపాయలు మగ్గించి, ఏ గిన్నె ఎలా పనిచేస్తుందో చూపించడం ఆమె ఉద్యోగం. షాపులో ఆమెను టకటకమ్మ అనేవారు. ఏ గిన్నె చేతికొచ్చినా ముందు బోర్లించి, వేలి కణుపుతో అడుగు మీద రెండుసార్లు కొట్టి వినేది. అడుగు మందంగా ఉంటే 'టక్' అని మొద్దుగా పలుకుతుంది. పల్చగా ఉంటే 'టంగ్'మని మోగుతుంది.

"మోగేది బడిలో గంటకి పనికొస్తుంది గానీ పొయ్యి మీదకి కాదు" అనేది.

కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు వస్తే గిన్నె చూపించే ముందు నాలుగు ప్రశ్నలు అడిగేది. ఇంట్లో ఎంతమంది? రోజూ వండేదేమిటి? పొయ్యి ఎలాంటిది? అంట్లు తోమేది ఎవరు? ఈ చివరి ప్రశ్న దగ్గర మొగుళ్ళు షాపు పైకప్పు చూసేవారు. అన్నీ విన్నాక ఒక లోతు గిన్నె, ఒక వెడల్పు పెనం, పాలకి ఒక చిన్న గిన్నె, ఒక మంచి కత్తి చేతిలో పెట్టి, "మొదటి ఏడాదికి ఇవి చాలు. తర్వాత ఏం కావాలో మీ వంటే చెబుతుంది" అని పంపేసేది. ఇంకొంచెం అమ్మి ఉండొచ్చు కదా అని యజమాని సణిగేవాడు. కానీ పిన్ని పంపినవాళ్ళు పక్కింటివాళ్ళను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చేవారు. అందుకని ఊరుకునేవాడు.

అలాంటి షాపులోకి ఒకరోజు పన్నెండు ముక్కల సెట్టు దిగింది. మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. గాజు మూతలు. అట్టపెట్టె మీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కుటుంబం. పన్నెండులో నాలుగు మూతలు, మూడు గరిటెలు. అవి తీసేస్తే గిన్నెలు ఐదే. పిన్ని పెద్ద గిన్నె తీసి బోర్లించి కొట్టింది. టంగ్. పిడులు చూసింది. బెజ్జం వేసి బిగించే రివెట్లు లేవు. ఒక్కో పిడిని గిన్నెకి పట్టి ఉంచినవి రెండే రెండు వెల్డింగు అతుకు చుక్కలు, కందిగింజంత.

"పైన పటారం, లోన లొటారం సార్ ఇది" అంది.

"నీ టకటకలు కాసేపు పక్కన పెట్టు తల్లీ" అన్నాడు యజమాని. "జనం కళ్ళతో కొంటారు. చెవులతో కాదు."

పిన్ని అమ్మింది. ఈ మాట ఆమే చెబుతుంది, ఎవరూ అడగకుండానే. "నేను అమ్మాను. బాగా అమ్మాను. నా మాట మీద నమ్మకంతో కొన్నారు." మా అమ్మకి కూడా ఒక సెట్టు తెచ్చింది, షాపులో పనిచేసేవాళ్ళకిచ్చే తగ్గింపు ధరకి. అమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. కొత్త గిన్నెలు అల్మరాలో వరసగా పెట్టుకుని, కుట్టు మధ్యలో లేచి వెళ్ళి చూసుకునేది.

నాలుగు నెలలకి మొదటి పిడి ఊడింది. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన గిన్నె ఒక చేత్తో, పిడి ఒక చేత్తో పట్టుకుని షాపుకి వచ్చాడు. "మీరు ఎక్కడో గట్టిగా కొట్టి ఉంటారు" అన్నాడు యజమాని, అని పిన్ని వైపు చూశాడు. పిన్ని ఆ పిడి తిప్పి చూసింది. సొట్ట లేదు, గీత లేదు. రెండు చుక్కలూ తొడిమ నుంచి పువ్వు రాలినట్టు శుభ్రంగా విడిపోయాయి. చూసి, "అవునండీ, గట్టిగా తగిలి ఉంటుంది" అంది.

తర్వాత ఇంకొకరు. ఆ వారంలోనే ఇద్దరు. గొడవ చేసినవాళ్ళకి యజమాని కొత్త గిన్నె ఇచ్చి నోరు మూయించేవాడు. మెత్తగా ఉన్నవాళ్ళకి మెత్తగా నీతులు చెప్పి పంపేవాడు. ఊడిన పిడులు వెనక గోడౌన్లో ఒక అట్టపెట్టెలో పడేసేవాడు, కంపెనీ మనిషి వచ్చినప్పుడు చూపించడానికట.

పిన్ని ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంటికి వచ్చేది. అమ్మ పెద్ద గిన్నెలో వండిందే తిని వెళ్ళేది. రెండు నెలలు. అక్కకి చెప్పాలి అనుకుంటూనే వచ్చి, చెప్పకుండానే వెళ్ళేది. చెబితే, మరి షాపులో రోజంతా నువ్వు మాట్లాడేదేమిటి అని అమ్మ అడుగుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మ బంగాళాదుంపలు ఉడకబెట్టింది. నీళ్ళు వంచడానికి గిన్నె రెండు పిడులూ పట్టుకుని సింకు దగ్గరికి రెండడుగులు వేసింది. కుడి పిడి ఊడి చేతిలోకి వచ్చేసింది. సలసల కాగుతున్న నీళ్ళు కుడి తొడ మీద నుంచి పాదం దాకా పడ్డాయి. నేను పక్క గదిలో పరీక్షకి చదువుకుంటున్నాను. అమ్మ అరిచిన గొంతు అమ్మదని నాకు వెంటనే తెలియలేదు. కుళాయి కింద కూర్చోబెట్టాను. నీళ్ళు పోస్తుంటే తన చేతిలో ఇంకా ఆ పిడి ఉంది. వదలమంటే వదల్లేదు.

పదకొండు రోజులు ఆసుపత్రి. మిషను తొక్కే కాలు అది. ఐదు నెలలు అమ్మ మిషను ముందు కూర్చోలేదు.

పిన్ని ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. మంచం పక్కన నిలబడి కట్టు చూసింది. అమ్మ ఆమె మొహంలోకే చూసి అడిగింది.

"ఇలా ఊడుతుందని నీకు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. చెప్పలేదు పిన్ని.

"తెలుసక్కా."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలల నుంచి."

అమ్మ గోడ వైపు తిరిగింది. "ఇంటికెళ్ళు" అంది. గొంతు పెంచలేదు.

మర్నాడు పిన్ని యజమాని దగ్గరికి వెళ్ళి ఆ సెట్టు అమ్మడం ఆపమంది. ఆయన చెడ్డవాడిలా మాట్లాడలేదు. చెడ్డవాడిలా మాట్లాడి ఉంటే బాగుండేదని పిన్ని అంటుంది.

"మీ అక్క సంగతి విని నాకూ బాధేసింది. ఉన్న సరుకు అయిపోనీ. మళ్ళీ తెప్పించను, సరేనా?"

"అయిపోనీ అంటే ఏమిటి సార్? ఉన్నవి ఎనభై పెట్టెలు. ఇంకో ఎనభై ఇళ్ళకి పంపించి చూద్దామనా?"

"ఊడినవి ఎన్ని? వాడుకుంటున్నవి ఎన్ని? కోపం తగ్గాక ఆలోచించు."

ఆదివారం షాపు కిటకిటలాడుతుంది. అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక వచ్చిన ఆదివారం నన్ను కూడా రమ్మంది పిన్ని. పొయ్యి ముందు ముప్ఫై మంది దాకా ఉన్నారు. పిన్ని పొయ్యి వెలిగించలేదు. సెట్టులోని పెద్ద గిన్నెను నిండా చన్నీళ్ళతో నింపింది.

"గిన్నె కొనేటప్పుడు ఖాళీది ఎత్తి చూడకండి. ఖాళీగా ఏ గిన్నైనా మర్యాదగానే ఉంటుంది. నింపి ఎత్తండి. మీరు రోజూ ఎత్తేది నిండు గిన్నెనే" అని రెండు పిడులూ పట్టుకుని ఎత్తింది. కుదిపింది. పిడులు ఊడలేదు. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ కుదిపింది. నీళ్ళు చిమ్మి ముందువరసలో వాళ్ళ బట్టలు తడిశాయి గానీ పిడి మాత్రం కదల్లేదు. ఎవరో నవ్వారు. యజమాని తన కుర్చీలోంచి, "చూశారుగా, మా వాళ్ళు ఎంత గట్టిగా పరీక్షిస్తారో" అన్నాడు. జనం ఇంకా నవ్వారు.

పిన్ని గిన్నె దింపింది. చెవులు ఎర్రగా అయిపోయాయి. గోడౌన్లోకి వెళ్ళింది. ఓడిపోయి వెళ్ళిపోయిందనుకున్నాను. అట్టపెట్టె మోసుకొచ్చి బల్ల మీద బోర్లించింది. పిడులు. గలగలా దొర్లి కొన్ని కింద పడ్డాయి.

"ఇవన్నీ ఊడినవి. ఎవరూ ఎక్కడా కొట్టలేదు. కొట్టారని నేను అబద్ధం చెప్పాను. మా అక్క చేతిలో ఊడింది దీంట్లో లేదు, అది వాళ్ళింట్లోనే ఉంది. కావాలంటే ఈ పిల్లని అడగండి, వాళ్ళమ్మ కాలు ఎలా ఉందో."

ముప్ఫై మంది నా వైపు తిరిగారు. నిజమేనని తల ఊపాను.

యజమాని లేచి వచ్చాడు. "పదకొండేళ్ళు ఇంటి మనిషిలా చూసుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"వాసాలు కాదు సార్. పిడులు లెక్కపెట్టాను. పదిహేడు."

ఆ రోజుతో ఉద్యోగం పోయింది. అది ఆమె అనుకున్నదే. అనుకోనిది ఒకటి జరిగింది. మేం గుమ్మం దాటుతుంటే ఒకావిడ ఆ సెట్టే చంకన పెట్టుకుని బయటికొచ్చింది. అన్నీ విన్న మనిషే, ముందువరసలో నిలబడి తడిసిన మనిషే. పిన్ని నోరు తెరిచి చూస్తుంటే, "ఈ ధరకి ఇన్ని గిన్నెలు ఇంకెక్కడా రావమ్మా. మేం జాగ్రత్తగా వాడుకుంటాం లెండి" అని వెళ్ళిపోయింది. యజమాని మీద వచ్చిన కోపం కన్నా ఆవిడ మీద వచ్చిన కోపం పెద్దదంటుంది పిన్ని ఇప్పటికీ.

ఇంటికొచ్చి జరిగింది నేనే అమ్మకి చెప్పాను. గుమ్మం దగ్గర నిలబడ్డ చెల్లెలిని అమ్మ లోపలికి రమ్మనలేదు.

"ముప్ఫై మందికి చెప్పావు. మంచిదే. నాకొక్కదానికి చెప్పలేకపోయావు."

పిన్ని వెళ్ళిపోయింది. ఊరికే కూర్చోలేదు. ఆ లెక్కల మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, తను చెప్పిన అబద్ధం ఒప్పుకుని, ఇద్దరూ కలిసి వినియోగదారుల ఫిర్యాదుల ఆఫీసులో కాగితం పెట్టారు. పది నెలలు తిరిగారు. బల్ల వెనక గుమాస్తా ప్రతిసారీ ఇంకో కాగితం తక్కువైందనేవాడు. "మాస్టారి ఓపిక, నా నోరు, రెండూ కలిస్తేనే పనైంది" అంటుంది. చివరికి షాపువాళ్ళు ఆ సెట్లు వెనక్కి తీసుకోవాలని, కాలినవాళ్ళ వైద్యం ఖర్చు ఇవ్వాలని తీర్పు వచ్చింది. షాపులోంచి ఆ పెట్టెలు పోయాయి. మూడు నెలల తర్వాత అవే గిన్నెలు, అవే రెండు చుక్కల పిడులు, రంగు మార్చిన పెట్టెలో ఇంకో వీధిలో ఇంకో షాపులో కనిపించాయి. ఈసారి పధ్నాలుగు ముక్కలు. గరిటెలు రెండు పెంచారు.

పిన్ని ఒక రేకుల పనివాడి దగ్గర ఆర్నెల్లు కూర్చుని రివెట్లు కొట్టడం నేర్చుకుంది. ఇప్పుడు బజారులో నాలుగడుగుల కొట్టు ఆమెది. వదులైన పిడులకి బెజ్జం వేసి, మందపు రివెట్టు కొట్టి ఇస్తుంది. గిన్నె ఇవ్వడానికి వచ్చినవాళ్ళకి పనితో పాటు చీవాట్లు కూడా ఇస్తుంది. "కొనేముందు అడగరు, విరిగాక వస్తారు" అంటూనే ఉంటుంది. అయినా జనం వస్తారు.

ఏడాదిన్నరకి ఒకరోజు అమ్మే ఆ కొట్టుకి వెళ్ళింది. ఒక పెనం బల్ల మీద పెట్టి, "దీని పిడి కదులుతోంది. చూడు" అంది. పిన్ని చూసింది. రివెట్టు కొట్టింది. తర్వాతి ఆదివారం నుంచి పిన్ని మళ్ళీ భోజనానికి వస్తోంది. అమ్మ క్షమించిందా అంటే నాకు తెలియదు. ఒకే గిన్నెలోంచి తింటారు, అంతవరకే చెప్పగలను.

పోయిన నెల నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. గది తీసుకున్నాను. గిన్నెలు కొనడానికి ఇద్దరూ నా వెంట వచ్చారు. షాపులో అమ్మకి తేలిక గిన్నె కావాలి, పిన్నికి బరువు గిన్నె కావాలి. వండుకోవాల్సిన నన్ను అడిగినవాళ్ళు లేరు. చివరికి చెయ్యి నొప్పి పుట్టని బరువులో, మూడేసి రివెట్లున్న లోతు గిన్నె ఒకటి కుదిరింది. అప్పుడు కనిపించింది ఆ పధ్నాలుగు ముక్కల సెట్టు, గుమ్మానికి ఎదురుగా గోపురంలా పేర్చి.

పిన్ని దాని పక్కన నిలబడ్డ అమ్మకాలావిడ మీద విరుచుకుపడింది. ఆవిడకి నలభై ఐదేళ్ళుంటాయి, పొద్దుటి నుంచి నిలబడి పాదాలు వాచి ఉన్నాయి. పిన్ని పెద్ద గిన్నె తీసి పిడి చూపిస్తూ, ఇది ఎలా అమ్ముతున్నారు, మనసెలా ఒప్పుతోంది అని నిలదీసింది. ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది.

"నాకూ తెలుసండీ. ఏం చెయ్యమంటారు?"

పిన్ని గిన్నె మెల్లగా దాని చోట పెట్టేసింది.

"మీ ఇంట్లో ఉందా ఇది?"

"ఉందండీ. నిరుడు తీసుకున్నాను."

"ఇవాళ వెళ్ళగానే తీసెయ్" అంది పిన్ని. "ముందు ఇంట్లోవాళ్ళకి చెప్పు. తర్వాత సంగతి తర్వాత."

అమ్మ వెనకే నిలబడి ఉంది. నా చేతిలోని గిన్నె తీసుకుని, డబ్బు కట్టడానికి ముందు నడిచింది.