మునిగిన పడవ పేరున్న థ్రెడ్

పేరు లేనిదేదైనా కళ్ళెదుట కదులుతుంటే గ్లెనిస్ వుల్నోకి ఊపిరాడదు. పెరట్లో కోళ్ళకీ, పాత కారుకీ, చలికాలం వచ్చిపోయే మోకాలి నొప్పికీ కూడా పేర్లు పెట్టుకున్న మనిషి. ట్రయబన్నా రేవులో, చేపల కాటా వెనక ఉన్న రేడియో గదిలో, పంతొమ్మిదేళ్ళుగా ఆమె రాసిన ప్రోగ్రామే నడుస్తోంది.

పని చూడటానికి చిన్నదే. రేవు దాటే ముందు ప్రతి పడవా ఒక కబురు చెబుతుంది. ఆ కబురుతో ప్రోగ్రామ్‌లో ఒక థ్రెడ్ పుడుతుంది. పెద్ద నేతలో ఒక పోగులాంటిది అది. ఆ ఒక్క పడవ రేడియో కోసమే చెవి ఒగ్గి కూర్చుంటుంది. పడవవాడు తిరిగొచ్చి, తన నోటితో "వచ్చేశా" అంటే అది ముగిసిపోతుంది.

మొదట్లో జాబితా తెరిస్తే నలభై వరుసలూ ఒకే పేరుతో ఉండేవి. ఏ వరుస ఎవరిదో తెలిసేది కాదు. ఒకరోజు ఇరుక్కుపోయిన థ్రెడ్‌ని ఆపబోయి, పక్కనున్న మంచిదాన్ని ఆపేసింది. ఆ పడవ క్షేమంగానే వచ్చింది గానీ, గ్లెనిస్‌కి వారం రోజులు ముద్ద దిగలేదు. ఆ తర్వాతే ఒక్కో థ్రెడ్‌కి దాని పడవ పేరు పెట్టింది. రేవువాళ్ళకి అదొక ముచ్చట. కాటా దగ్గరికొచ్చిన ప్రతివాడూ తలుపులోంచి తల పెట్టేవాడు.

"నాదేం చేస్తోందే?"

"నిద్రపోతోంది, నీలాగే."

రెండేళ్ళ కిందట జూన్‌లో కాలికో అనే పడవ వెళ్ళింది, రాలేదు. అందులో బ్రిన్ హాకర్ ఒక్కడే. పదకొండు రోజులు వెతికారు. సముద్రం ఒక చెక్కముక్కయినా తిరిగివ్వలేదు. థ్రెడ్‌ని ముగించాల్సింది పడవవాడి మాటే కాబట్టి, కాలికో థ్రెడ్ ముగియలేదు. యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టినా, తిరిగిరాని పడవల పట్టీ చూసి ప్రోగ్రామ్ దాన్ని మళ్ళీ పుట్టించేది. ఆపెయ్యమని ఎవరూ అనలేదు. రోజూ పొద్దున గ్లెనిస్ తెర వెలిగించగానే ఆ వరుస కనిపించేది. కాలికో, నిద్రలో, పని సున్నా శాతం. నీళ్ళ అడుగున ఎవరో కళ్ళు మూసుకుని ఉన్నట్టు.

ఇంకో నెలలో ఆమె ఉద్యోగ విరమణ. ఆమె స్థానంలోకి హోబార్ట్ నుంచి రూబెన్ టాప్ వచ్చాడు. ముప్పై దాటినవాడు, చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. అక్కడ చలి మొదలయ్యే మే నెలలో ఒక పొద్దున, పొగమంచు కిటికీకి ముఖం ఆనించి లోపలికి చూస్తున్నవేళ, తొమ్మిదింపావుకి, అతను పిలిచాడు.

"గ్లెన్, ఇటు రా. కాలికోలు రెండున్నాయి."

"కళ్ళు నులుముకో."

"నులుముకునే చెబుతున్నా తల్లీ."

రెండున్నాయి. పైది ఎప్పటిలాగే నిద్రలో ఉంది. కిందది మేలుకుని ఉంది. పన్నెండు శాతం పని. పుట్టి ముప్పై ఆరు నిమిషాలు. ఎవరో పిలుస్తుంటే వినే థ్రెడ్ మాత్రమే అంత పని చేస్తుంది.

"ఎక్కడో పాడైపోయింది," అన్నాడు రూబెన్. "రెండిటినీ ఆపేస్తా. ఇంకాసేపట్లో రేవు కమిటీవాళ్ళు వస్తున్నారు. చచ్చినవాడి పడవ గంతులేస్తుంటే వాళ్ళకి చూపిస్తామా?"

"చెయ్యి తియ్యి."

"దయ్యాన్ని కాపాడతావా?"

"దయ్యమో మనిషో, ముందు అది ఎవరి బిడ్డో చూడనీ."

కొత్త థ్రెడ్‌కి వేరే పేరు పెట్టకపోతే, దాన్ని పుట్టించిన థ్రెడ్ పేరే వస్తుంది. పడవల థ్రెడ్‌లకి గ్లెనిస్ పేర్లు పెట్టింది. కానీ ఆపదలో పిలుపు అందితే, దాన్ని వినడానికి ఆ థ్రెడ్ కనే బిడ్డ థ్రెడ్‌కి పెట్టలేదు. పడవ అదే కదా, పేరూ అదే ఉండనీ అనుకుంది. అంటే పైనున్న కాలికో ఏదో విని ఒక్కక్షణం మేలుకుంది. బిడ్డని కని, మళ్ళీ నిద్రపోయింది.

"పేరు కాలికోదే," అంది మెల్లగా. "పిలుస్తున్నది మాత్రం వేరే ఎవరో."

"కాలికో రేడియో సముద్రం అడుగున ఉందిగా?"

"బ్రిన్‌కి రెండు రేడియోలుండేవి. రెండూ కాలికో పేరు మీదే."

బ్రిన్ భార్య నొరీన్‌కి ఫోన్ చేసింది.

"ఆ పాత రేడియోనా? షెడ్డు ఖాళీ చేస్తూ క్లిఫ్ డైరీన్‌కి ఊరికే ఇచ్చేశా. ఎందుకే?"

"తర్వాత చెబుతా."

క్లిఫ్‌ది రేకు పడవ. ఎప్పుడు వెళ్ళేదీ ఎవరికీ చెప్పే రకం కాదు. పిలుపు మరియా దీవికి దక్షిణం నుంచి వస్తోంది. గ్లెనిస్ ఆ చోటు చెప్పగానే, రక్షణ పడవ పొగమంచులోకి వెళ్ళి కనబడకుండా పోయింది.

ఆ తర్వాత చూస్తూ కూర్చోవడమే మిగిలింది. పన్నెండు. పదకొండు. పన్నెండు. రూబెన్ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కమిటీవాళ్ళు వచ్చి వెనకే నిలబడిపోయారు, ఒక్కరూ కుర్చీ లాగలేదు. యాభై నిమిషాలు గడిచాక అంకె సున్నాకి పడింది. వరుస మాయమైంది.

పిలుపు ఆగిపోయిందన్నమాట. అప్పుడు రేడియో బొంగురుగా పలికింది.

"దొరికాడు. బతికే ఉన్నాడు. వాడి రేడియో ఆపేశాం."

మధ్యాహ్నం క్లిఫ్ దుప్పటి కప్పుకుని అదే గదిలో కూర్చుని, ఆల్చిప్పల మాంసం కూరిన స్కాలప్ పై రొట్టె తిన్నాడు. పెదాలింకా నీలంగానే ఉన్నాయి.

"తొమ్మిదీ పదికి తిరగబడింది," అన్నాడు. "అప్పుడే వాచీ చూసుకున్నా, ఇంటికెళ్దామని."

"రేడియోలో ఆపద మీట ఎప్పుడు నొక్కావ్?"

"నొక్కడమెక్కడ? సీటు కింద పెట్టెలో ఉంది. తడిస్తే దానంతటదే పిలుస్తుందిగా."

"పడవ తిరగబడక ముందే తడిసిందేమో?"

"లేదు గ్లెనిస్. తొమ్మిదింటికి ఆ పెట్టెలోంచే బిస్కెట్లు తీసుకు తిన్నా. కరకరలాడుతున్నాయి."

ఎనిమిదీ ముప్పై తొమ్మిదికి పుట్టింది ఆ థ్రెడ్, పడవ తిరగబడటానికి అరగంట ముందే.

అతను వెళ్ళాక రూబెన్ అన్నాడు, "మన గడియారం తప్పయ్యుంటుంది."

గ్లెనిస్ చూసింది. సెకనుతో సహా సరిగ్గా ఉంది.

"అయితే వాడి వాచీ తప్పు."

"కావచ్చు."

రిపోర్టు కాగితం ముందుకు లాక్కున్నాడు రూబెన్. పొద్దుటి వెటకారం గొంతులో లేదు. "పిలుపు అందిన సమయం దగ్గర ఏం రాయను? ఎనిమిదీ ముప్పై తొమ్మిదా, తొమ్మిదీ పదా?"

"రెండూ రాయి."

"రెండూనా? చదివినవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. పక్కపక్కనే రాయి."

రాశాడు. రాసి, లేచి వెళ్ళి లైటు వేశాడు. ఇంకా మూడు కూడా కాలేదు, గదిలో వెలుతురు తగ్గనే లేదు.